చక్రాలకు పసుపు

మా తాత బండి చక్రం ఎంత పెద్దదంటే, ఐరాలలో బయలుదేరి ఒక్క చుట్టు తిరిగేసరికి చిత్తూరు వచ్చేసేది. కాణిపాకంలో దిగాల్సినవాళ్ళు సగం చుట్టుకే గోతాం చంకన పెట్టుకుని దూకేయాలి. దూకడం ఆలస్యమైతే చిత్తూరు దాకా పోయి నడిచి రావాల్సిందే.

ఈ సంగతి చెబితే మా ఊళ్ళో ఎవరైనా నవ్వుతారు, లేకపోతే తిడతారు. హంసిని మాత్రం ఫోను తీసి లెక్క వేసింది.

"తాతా, అట్లయితే మీ తాత చక్రం ఎత్తు ఆరు కిలోమీటర్ల పైన ఉండాల. ఆయప్ప మేఘాల్లో కూచోని తోలినాడా?"

"అందుకే గదమ్మణ్ణీ, మా తాత మొకం ఊళ్ళో ఎవురూ సరిగా సూడనేలేదు," అన్నాను.

ఆ పిల్ల అప్పుడు నా బెల్లం షెడ్డులో, ఎర్రకారు ముందు చక్రం దగ్గర బాసిపట్టు వేసుకుని కూర్చుని ఉంది. తిరుపతి పిల్ల కారు ఐరాల బెల్లం షెడ్డులో ఎందుకుందో చెప్పాలి. హంసిని వాళ్ళ నాయన పద్మనాభం సామి తిరుపతిలో దేవస్థానం ఆఫీసులో పని చేస్తాడు. వాళ్ళ చెరుకు మడి నేను కౌలుకు చేస్తున్నాను. హంసిని ఇంజనీరింగు చదివి, ఉద్యోగంలో చేరి, సొంత సంపాదనతో ఒక పాత రేసు రకం కారు కొనుక్కుంది. స్టార్టు చేస్తే చాలు, వీధిలో కుక్కలన్నీ లేచి నిలబడతాయి. "ఈ దెయ్యం నా వాకిట్లో ఉండగూడదు," అన్నాడు సామి. గానుగ ఆడే కాలం కాదు గనుక నా షెడ్డు ఖాళీగా ఉంది. కారు అక్కడికి చేరింది.

అసలు పేచీ ఆదివారం గురించి. శ్రీపెరంబుదూరు పక్కన రేసు ట్రాకు ఉంది. కొత్తవాళ్ళకు అక్కడ పరీక్ష పెడతారు. మూడు చుట్లు తిరగనిస్తారు. ఒక్క చుట్టయినా రెండు నిమిషాల పది సెకన్ల లోపల ముగిస్తే ఆ ఏడు పోటీల్లోకి తీసుకుంటారు. సామికి కూతురి ప్రాణం మీద భయం. పుత్తూరు యోగానంద అని ఒకాయన కారు కొనడానికి సిద్ధంగా ఉన్నాడు, సోమవారం వస్తానన్నాడు. తండ్రీ కూతుళ్ళు నెల రోజులు మాటల్లేకుండా ఉండి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఆదివారం ఆ పరీక్ష దాటితే కారు హంసినిది, సామి ఇంక నోరెత్తడు. దాటకపోతే సోమవారం హంసినే తన చేత్తో తాళం యోగానందకు ఇవ్వాలి.

కారుకు ఉన్న టైర్లు అరిగిపోయి గుండులాగా ఉన్నాయి. కొత్తవి వేయాలి. ఏ కొలత వేయాలన్నదే ప్రశ్న.

మమ్మల్నిద్దరినీ ఆ ప్రశ్న చిత్తూరులో నాగరాజు టైర్ల అంగడికి తీసుకుపోయింది. నాగరాజు నోరున్న మనిషి, నాకు చిన్ననాటి నుంచి తెలుసు. రెండు జతల చక్రాలు తీసి ముందర పెట్టాడు. ఒకటి పద్దెనిమిది అంగుళాలది, వెడల్పాటి టైరుతో. నల్లగా నిగనిగలాడుతూ పెళ్ళికొడుకులా ఉంది. రెండోది పదిహేడు. ఇది ఆ పెళ్ళికొడుకు పక్కన పెట్టె మోసే తోడల్లుడిలా ఉంది.

"పద్దెనిమిదే ఎయ్యి మేడం," అన్నాడు నాగరాజు. "దారినపోయే వాళ్ళు మెడ తిప్పి సూడాల."

"మెడ తిప్పేవాళ్ళకు మార్కులు ఇయ్యర్లే అన్నా ఆడ," అంది హంసిని.

నేను వంగి టైరు పక్కన ఉన్న అంకెలు చదివాను. రెండువందల ముప్పై అయిదు, గీత, నలభై, ఆర్, పద్దెనిమిది. "ఇది టైరు కొలతనా, ఎవురిదన్నా ఫోను నంబరా?"

హంసిని చూపుడువేలు పెట్టి చూపించింది. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది రబ్బరు గోడ ఎత్తు. అయితే అది మిల్లీమీటర్లు కాదు, వెడల్పులో నూటికి నలభై వంతులు. చివరిది ఇనుప చక్రం కొలత, అంగుళాల్లో.

"ఒక టైరు మీద మూడు కొలతలు, మూడూ మూడు రకాలా?" అన్నాను. "ఒకే ఇంట్లో ముగ్గురన్నదమ్ములు మూడు కుంపట్లు పెట్టుకున్నట్టుండాదే!"

"కుంపట్లు వేరైనా ఇల్లు ఒకటే తాతా. మొత్తం టైరు ఎత్తు మాత్రం కారుతో వచ్చినదానికి దగ్గరగా ఉండాల. ఇనుము పెరిగితే రబ్బరు తగ్గాల. లేకుంటే స్పీడు చూపించే ముల్లు అబద్ధం చెప్తాది."

సాయంత్రం ఇంటికి వచ్చి ఇదంతా మా కుప్పమ్మకు చెప్పాను. నా పెళ్ళాం చేటలో అలసందలు ఏరుతూ తల ఎత్తకుండానే, "దానికింత పెద్ద మాటలెందుకు? గారె అంతే ఉండాల, చిల్లి పెద్దదయితే పిండి తగ్గతాది," అంది. హంసిని పకపకా నవ్వి ఆ మాట ఫోనులో రాసుకుంది.

నేను మాత్రం పద్దెనిమిది పక్షం. పెద్ద చక్రం, వెడల్పు రబ్బరు, నేలను ఎక్కువ పట్టుకుంటుంది. ఇందులో చదువుకోవాల్సింది ఏముంది? హంసినికి మనసు పదిహేడు మీద ఉంది గానీ కళ్ళు పద్దెనిమిది మీదే ఉన్నాయి. కంటికి నచ్చినదాన్ని కాదనడానికి ఆ పిల్లకు గట్టి కారణం దొరకడం లేదు. అంగడి వదిలేటప్పుడే నాగరాజు, "రెండు జతలూ తీసకపోండి. ఏది వద్దో అది తిరిగి తెచ్చీండి. నాకూ సూడాలని ఉండాది," అన్నాడు. ముందు పద్దెనిమిది బిగించాం. చక్రానికి, పైన తొడుగు అంచుకు మధ్య వేలు పట్టేంత సందు ఉందని హంసిని కొలిచి మరీ చూసింది.

శుక్రవారం పద్మనాభం సామి తిరుపతి నుంచి దిగాడు. వైష్ణవుల ఇంటాయనే అయినా బండి పూజకూ, ఒకరినొకరు మాట మీద నిలబెట్టడానికీ కాణిపాకమే కావాలన్నాడు. మా జిల్లాలో ఎవరినైనా అడగండి, తెగని తగువులు కాణిపాకంలో ప్రమాణంతో తెగుతాయి. ఆ వినాయకుడి ముందు అబద్ధమాడాలంటే ఎంతటివాడికైనా నాలుక మడత పడుతుంది. అందుకే నేను ఆ గుడికి పోతే నోరు మూసుకుని దండం పెట్టుకుని వచ్చేస్తాను.

తండ్రీ కూతుళ్ళు దేవుడి ముందు నిలబడి ఒప్పందం చెప్పుకున్నారు. ఆఖరున సామి నా వైపు తిరిగి ఒక మాట అన్నాడు.

"ఆదివారం నాకు ఆఫీసులో డ్యూటీ ఉండాది, రాలేను. ఆడ జరిగింది జరిగినట్టు నాకు చెప్పే బాధ్యత దొరస్వామన్నది. సాక్షి ఆయనే."

కుప్పమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. "సామీ, పిల్లిని పాలకు కాపలా పెడతాండారు!"

"దేవుడి ముందర ఒప్పుకో అన్నా," అన్నాడు సామి. ఒప్పుకున్నాను.

బయట బండి పూజ. అయ్యవారు పళ్ళెంలో పసుపు, కుంకుమ, నిమ్మకాయలు పెట్టుకుని ముందు బండి దగ్గర మంత్రం చదువుతున్నాడు. మా వంతు వచ్చేలోగా నేను ఊరికే ఉండలేక, కుప్పమ్మ కలిపి తెచ్చిన పసుపు తీసుకుని మొదలుపెట్టాను. మా షెడ్డులో గానుగ పూజ అంటే రోలర్లకు ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఇనుము కనబడకుండా పసుపు పూయాలి. బొట్టు పెట్టి ఊరుకుంటే ఆ ఏడు చెరుకు రసం పలచబడుతుందని మా వాళ్ళ నమ్మకం. అదే పద్ధతిలో నాలుగు టైర్లకూ, నేల మీద ఆనే భాగమంతా, చేతికి అందినంత మేర పూసేశాను. తర్వాత కారును రవ్వంత తోయించి, మిగిలింది కూడా పూశాను.

అయ్యవారు వచ్చి చూసి నిలబడిపోయాడు. "ఎవురప్పా ఇది? బొట్టు పెట్టమంటే స్నానం చేయించినారే!"

"పెద్ద చక్రం గదా సామీ, బొట్టు ఆనలేదు," అన్నాను.

పద్మనాభం సామి మొహం తిప్పుకున్నాడు. హారతి అయింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అందరం కారు ఎక్కాం. హంసిని, పక్కన సామి, వెనక నేను, కుప్పమ్మ, కుప్పమ్మ పక్కన కొబ్బరికాయల సంచి. కారు కదిలింది, నిమ్మకాయలు చితికాయి. రోడ్డు మీదికి తిప్పేచోట చిన్న గుంత ఉంది. ఎడమ చక్రం అందులో దిగగానే కర్ర్ ర్ ర్ మని, గానుగలో రాయి పడ్డట్టు చప్పుడయింది.

"ఆపు!" అని సామి అరిచాడు. "సూడు, సూడు. దేవుడి వాకిట్లోనే చెప్తాండాడు. ఆదివారం దాకా ఎందుకు, తాళం ఇప్పుడే ఇచ్చేయ్."

"ఆదివారం దాకా మాటిచ్చినావు నాయనా. ఇప్పుడే, ఈ వాకిట్లోనే," అంది హంసిని. పిల్ల దిగి, పట్టు చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, కారు కింద తల పెట్టింది. ఎంతసేపటికీ లేవలేదు.

"తాతా! ఇట్లా రా, బిన్నా రా!"

పోయి చూశాను. చక్రం పైన తొడుగు లోపల, అంచు వెంబడి పసుపు గీత. టైరు ఎక్కడ రాసుకుందో అక్కడ బొమ్మ గీసినట్టు పడింది.

"ఖాళీ కారుకు కొలిచినాను," అంది హంసిని తనలో తాను అనుకుంటున్నట్టు. "బరువెక్కితే కిందికి దిగతాది గదా! మలుపులో వేగంగా తిప్పితే కారు బరువంతా ఒక పక్కకే వచ్చి పడతాది. మీ అందరినీ ఎక్కించుకున్నట్టే."

"నా బరువు గురించేనా ఆ మాట?" అంది కుప్పమ్మ లోపల నుంచి.

"నీ పుణ్యమే అవ్వా! నువ్వు లేకుంటే ఇది ఆదివారం ట్రాకు మీద తెలిసుండేది."

అప్పుడు మా ఇద్దరికీ ఒకేసారి ఇంకొకటి కనబడింది. కారు వచ్చిన దారిలో సిమెంటు మీద పసుపు చారలున్నాయి. టైరు వెడల్పంతా పూశాను నేను. అయితే చార లోపలి పక్క చిక్కగా, బయటి పక్కకు పోయేకొద్దీ పలచగా పడింది. బయటి అంచు ఉండీ లేనట్టే ఉంది.

"ఇంత వెడల్పు రబ్బరు పెట్టుకుంటే సగం సెలవులో ఉండాదే!" అన్నాను.

ఆ రోజు నుంచి నా షెడ్డు పరిశోధనశాల అయింది. బెల్లం పోసే సిమెంటు నేల కడిగి తుడిచాం. ఒక్కో జతా బిగించి, టైరుకు పసుపు పూసి, జాకీ మీద నుంచి కారును నిదానంగా నేలకు దించి, మళ్ళీ ఎత్తాం. చక్రం నేల మీద నిజంగా ఎంత ఆనుతుందో ఆ అచ్చు పడింది. నాగరాజు కూడా అంగడి మూసేసి వచ్చాడు. సామి తిరుపతి పోకుండా, ఆసక్తి లేనట్టు మొహం పెట్టి, మంచం మీద కూర్చుని చూస్తున్నాడు.

పద్దెనిమిది అచ్చు అడ్డంగా పొడుగు, నిలువుగా పొట్టి. పదిహేడు అచ్చు అడ్డం తగ్గింది, నిలువు పెరిగింది. ఏది పెద్దది? నేను పద్దెనిమిది అన్నాను. నాగరాజు కూడా అదే అన్నాడు.

కుప్పమ్మ చేటలోని అలసందలు తెచ్చింది. "నోళ్ళతో కొలిస్తే తేలదు గానీ, ఉండండి." మొదటి అచ్చు నిండా గింజలు ఒక వరసగా పరిచింది. వాటిని ఎత్తి రెండో అచ్చులో పరిచింది. గుప్పెట్లో మిగిలినవి ఒక కాకికి కూడా చాలవు.

సామి మంచం దిగి వచ్చాడు.

"అదెట్ల?" అన్నాడు ఆయన. నెల రోజుల్లో ఆ కారు గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే.

"కారు బరువు అదే, లోపలి గాలి అంతే గట్టిగా ఉండాది నాయనా," అంది హంసిని. "మోయాల్సినంత మేరే నేలకు ఆనతాది. ఎక్కువ తక్కువ పెద్దగా రాదు. వెడల్పు టైరయితే అడ్డంగా ఆనతాది, సన్నదయితే పొడుగ్గా ఆనతాది. ఇది నేను పుస్తకంలో చదివినాను. నమ్మింది మాత్రం ఇప్పుడే."

"అయితే వెడల్పుతో లాభమే లేదా?" అన్నాడు నాగరాజు, అంగడి గుర్తొచ్చి.

"ఉండాదన్నా. మలుపులో పట్టుకి వెడల్పు మంచిదే. అయితే అది మోసే చక్రం తేలిగ్గా ఉండాల, తొడుగుకు తగలగూడదు, నిటారుగా నిలబడాల. మన కారు కిందికి దించినది, చక్రం లోపలికి వాలి ఉండాది."

రెండు చక్రాలనూ బెల్లం తూచే కాటా మీద పెట్టాం. పెళ్ళికొడుకు తోడల్లుడికంటే బాగా బరువు తూగాడు. తోడల్లుడి వైపు దిమ్మె బెల్లం పెట్టినా సరితూగలేదు.

"మా తాత చక్రం తూచాలంటే కాటా సరిపోక కొండనే..." అని మొదలుపెట్టాను.

"తాతా, ఆదివారం దాకా నువ్వు సాక్షివి," అంది హంసిని. నోరు మూసుకున్నాను. ఆ రెండు రోజులు నేను పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు.

పదిహేడు బిగించారు. నాగరాజు చక్రాల వాలు సరిచేశాడు. బరువుకు కుప్పమ్మనూ, నన్నూ, నాగరాజునూ, మూడు గోతాల బెల్లాన్నీ ఎక్కించి గుంతల్లో తిప్పింది హంసిని. ఎక్కడా కర్రుమనలేదు.

ఆదివారం హంసినీ, నాగరాజూ, నేనూ పోయేసరికి ట్రాకు దగ్గర రంగురంగుల కార్లు నిలబడి ఉన్నాయి. అన్నిటికీ పెళ్ళికొడుకుల్లాంటి చక్రాలు. మాది చూసి ఒక కుర్రాడు తమిళంలో ఏదో అని నవ్వాడు. నాకు అర్థమైంది గానీ హంసినికి చెప్పలేదు. సాక్షిని జరిగింది చెప్పమన్నారు గానీ వినబడింది చెప్పమనలేదు కదా.

మొదటి చుట్టు నాలుగు సెకన్లు ఎక్కువ పట్టింది. రెండో చుట్టు ఒక్క సెకను ఎక్కువ. ఒక్కటంటే ఒక్కటి. మెట్ల మీద కూర్చున్న నాగరాజు గోళ్ళు కొరకడం మొదలుపెట్టాడు. నాకు యోగానంద చేతిలో తాళం కనబడింది.

రెండో చుట్టు తర్వాత హంసిని కారు పక్కకు తెచ్చి దిగింది. మేం కంచె దగ్గరకు పరిగెత్తాం. పిల్ల ముందు చక్రం పక్కన కూర్చుని ఏదో చూస్తోంది. బయలుదేరే ముందు ఎవరికీ చెప్పకుండా, కుప్పమ్మ పసుపు భరిణె తీసుకుని, టైరు అంచు నుంచి పక్క గోడ మీదికి వేలితో ఒక నిలువు గీత గీసుకుంది. ఇప్పుడా గీత పైభాగం చెరిగిపోయి, గోడ మీద కూడా సగం దాకా లేదు.

"మలుపులో టైరు పక్కకు పొర్లి గోడ మీద నడుస్తాండాది తాతా," అంది. "మెత్తగా ఉండాది."

"అంటే? పద్దెనిమిది ఎయ్యాల్సిందా?"

"ఊహూ. గాలి చాల్లేదు."

ముందు చక్రాలు రెండింటికీ కొంచెం గాలి ఎక్కించింది. గీత మళ్ళీ గీసింది. అక్కడి అధికారి ఒకాయన వచ్చి, ఆ పసుపు చూసి, పూజ అనుకున్నాడేమో, చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

మూడో చుట్టు నేను చూడలేదు. కళ్ళు మూసుకున్నాను. చప్పుడు మాత్రం విన్నాను. దూరంగా పోయింది, సన్నబడింది, మళ్ళీ పెరిగింది, మా ముందరగా దూసుకుపోయింది. నాగరాజు నా భుజం మీద గుద్దిన దెబ్బకు కళ్ళు తెరిచాను. బోర్డు మీద రెండు నిమిషాల తొమ్మిది సెకన్లు, పక్కన చిల్లర.

సాయంత్రానికి తిరుపతి చేరాం. పద్మనాభం సామి వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. కూతురి మొహం చూడకుండా నా వైపు తిరిగాడు.

"చెప్పన్నా."

"మొదటి చుట్టు దాటలేదు సామీ. రెండోది కూడా దాటలేదు. టైర్లలో గాలి ఎక్కించుకునింది. మూడోది దాటింది."

సామి ఇంకా ఎదురు చూస్తున్నాడు. "అంతేనా?"

"అంతే."

"రెక్కలు రాలేదా కారుకు? ట్రాకు కాలిపోలేదా? నీ నోట్లోంచి ఇంత చప్పటి మాట నేనెప్పుడూ వినలేదు. ఏదో దాస్తాండావు!"

జన్మకొక్కసారి ఉన్నది ఉన్నట్టు చెబితే నాకు దక్కిన మర్యాద ఇది. హంసిని నవ్వు ఆపుకోలేక తూలి కారుకు ఆనుకుంది. సామి నన్ను వదిలి ముందు చక్రం దగ్గర వంగాడు. పసుపు గీత ఈసారి అంచు దగ్గర మాత్రమే చెరిగి, గోడ మీద నిండుగా ఉంది. దాన్ని వేలితో తడిమాడు.

"ఇది ఈడి దాకా చెరిగితే?"

"గాలి తక్కువని, నాయనా."

"అసలు చెరక్కపోతే?"

"ఎక్కువని."

ఆయన లేచి, ఫోను తీసి, "యోగానంద గారూ, రేపు మీరు రావద్దు. కారు మా అమ్మాయిది," అని చెప్పి పెట్టేశాడు. కూతురు ఆయన చెయ్యి పట్టుకుంటే విడిపించుకోలేదు.

నేను బస్టాండుకు బయలుదేరుతుంటే సామి వెనక నుంచి పిలిచాడు. తన పాత స్కూటరు పక్కన గొంతుక్కూర్చుని, కళ్ళజోడు సవరించుకుంటూ టైరు మీది అంకెలు చదువుతున్నాడు.

"అన్నా, దీని మీద తొంభై, నూరు, పది అని ఉండాది. వెడల్పుకు నూటికి నూరు అంటే గోడ కూడా అంతే ఎత్తనే గదా? కుప్పమ్మక్కనడిగి రవ్వంత పసుపు పంపించు. అలసందలు కూడా."

"పంపిస్తా సామీ. అయితే ఒక మాట. నా సాక్ష్యం అయిపోయినట్టేనా?"

"అయిపోయింది పో."

హమ్మయ్య అనుకున్నాను. ఐరాలలో బస్సు దిగేసరికి టీ అంగడి దగ్గర చిన్నబ్బ, ఏకాంబరం కాచుకుని ఉన్నారు. ఏమయిందని అడిగారు. నిదానంగా బెంచీ మీద కూర్చుని, తుండుగుడ్డ దులుపుకుని చెప్పాను. మా హంసిని ఎంత వేగంగా తోలిందంటే, మూడో చుట్టు రెండో చుట్టుకంటే ముందే అయిపోయింది.